ఆపదలో ఫోన్ చేస్తే అవతల ఏం జరుగుతుంది?

2014 ఏప్రిల్‌లో ఒక రాత్రి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమంతటా ఎమర్జెన్సీ నంబరు 911 మూగబోయింది. సియాటిల్‌కు దగ్గర్లోని ఎవరెట్‌లో ఒక మహిళ, తన ఇంట్లోకి ఎవరో చొరబడుతుంటే 911కి ఫోన్ చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది. 37 సార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. చివరికి వంటింటి కత్తి పట్టుకుని ఎదురు నిలబడితే గానీ ఆ దుండగుడు పారిపోలేదు.

ఆ రాత్రి తుపాను రాలేదు, కేబుళ్లు తెగలేదు. తప్పు జరిగింది ఎక్కడో కొలరాడోలో, ఎంగిల్‌వుడ్ అనే చోట ఉన్న కాల్ రూటింగ్ కేంద్రంలో. అక్కడి సాఫ్ట్‌వేర్ వచ్చిన ప్రతి కాల్‌కూ ఒక వరస సంఖ్య వేసి, దాన్ని ఏ లైను మీద పంపాలో తేలుస్తుంది. ఆ సంఖ్యలకు 4 కోట్ల దగ్గర హద్దు పెట్టి ఉంచారు. ఆ రాత్రి లెక్క సరిగ్గా అక్కడికి చేరింది. ఇక కొత్త కాల్స్‌కు దారి దొరకలేదు. యంత్రం హెచ్చరిక పంపింది కూడా. అయితే దాన్ని చిన్నాచితకా సమస్యల్లో కలిపేయడంతో వెంటనే ఎవరి కంటా పడలేదు. దాదాపు 6 గంటల పాటు 7 రాష్ట్రాల్లో 1.1 కోట్ల మంది ఉండే ప్రాంతాలకు ఇబ్బంది కలిగింది. 6,600కు పైగా కాల్స్ గమ్యం చేరలేదు. తెలుగువాళ్లు వేలాదిగా ఉండే సియాటిల్ పరిసరాలు కూడా ఆ ప్రాంతాల్లోనే ఉన్నాయి.

ఇలాంటి వ్యవస్థలకు పునాది పడిన కాలం వేరు. అమెరికాలో తొలి 911 కాల్ మోగింది 1968 ఫిబ్రవరి 16న, అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో. అప్పటి ఫోన్ ఇంట్లో ఒకచోట తీగకు కట్టేసి ఉండేది. కాబట్టి నంబరు తెలిస్తే ఇల్లు తెలిసినట్టే. తర్వాతి రోజుల్లో కాల్ వస్తూనే చిరునామా కూడా తెర మీద కనబడే ఏర్పాటు చేసుకున్నారు. సెల్‌ఫోన్ వచ్చాక ఈ ధీమా పోయింది. కంట్రోల్ రూమ్‌కు తెలిసేది కాల్‌ను అందుకున్న టవర్ ఎక్కడుందో అంతే. నగరంలో ఒక టవర్ పరిధిలో వందల ఇళ్లు ఉంటాయి, పల్లెల్లో అయితే కిలోమీటర్ల కొద్దీ పొలాలు.

మన దగ్గర ఈ కష్టం ఇంకాస్త ఎక్కువ. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. దాని వల్ల నిలబడిన ప్రాణాలు ఊరూరా ఉన్నాయి. కానీ అక్కడ ఫోన్ ఎత్తిన ఉద్యోగి ముందుగా అడగాల్సి వచ్చేది ఏమిటి? జిల్లా ఏది, మండలం ఏది, ఊరు ఏది, దగ్గర్లో గుర్తు ఏముంది? వెంకటాపురం అని చెప్పారనుకోండి, ఆ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బోలెడు ఊళ్లున్నాయి. పాము కరిచిన మనిషిని పక్కన పెట్టుకుని ‘రామాలయం దాటాక ఎడమ చేతి సందు’ అని వివరించేలోపు విలువైన నిమిషాలు కరిగిపోతాయి. అర్ధరాత్రి హైవే మీద యాక్సిడెంట్ చూసి ఆగిన లారీ డ్రైవరుకైతే తాను ఏ మండలంలో ఉన్నాడో కూడా తెలియదు. అంబులెన్సు నడిపే పైలట్, అందులో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ ఎంత చురుకైనవాళ్లైనా, చేరాల్సిన చోటు తెలియకపోతే ఏం చేయగలరు?

ఆ చోటు ఎక్కడో ఫోన్‌కు తెలుసు. బిర్యానీ తెచ్చే కుర్రాడికి మన గుమ్మం చూపించేది ఆ ఫోనే. అంబులెన్సుకు కూడా చూపించే పద్ధతి 2014లో బ్రిటన్‌లో మొదలైంది. దాని పేరు అడ్వాన్స్‌డ్ మొబైల్ లొకేషన్. ఎమర్జెన్సీ నంబరు నొక్కగానే ఫోన్ తనంతట తానే జీపీఎస్, వైఫైల సాయంతో చోటు లెక్కగట్టి, కనబడని ఎస్సెమ్మెస్‌గా కంట్రోల్ రూమ్‌కు పంపేస్తుంది. యాప్ వేసుకోనక్కర్లేదు, ఫోన్ చేసిన మనిషి మాట్లాడలేని స్థితిలో ఉన్నా ఆ సందేశం వెళ్తుంది. 2022 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే స్మార్ట్‌ఫోన్లన్నీ ఇలా లొకేషన్ పంపగలగాలని నియమం పెట్టారు. సాయం ఒక్క నిమిషం ముందు అందితే ఏడాదికి 10,000కు పైగా ప్రాణాలు దక్కుతాయని అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అంచనా వేసింది.

మన దేశంలో పోలీసు, ఫైర్, అంబులెన్సులకు ఒకే నంబరుగా 112 వచ్చింది. 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ తొలి అడుగు వేయగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 16 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 2019 ఫిబ్రవరి 19న ఆరంభించారు. ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి లొకేషన్ నేరుగా 112కు చేరే ఏర్పాటును దేశంలో మొదట పూర్తి స్థాయిలో అమలు చేసింది ఉత్తరప్రదేశ్, 2025 డిసెంబరులో. రాష్ట్రాలన్నీ దీన్ని అందిపుచ్చుకోవాలి. దీనికి సాకులు చెప్పకూడదు.

అలాగని కొత్త యంత్రం తెచ్చి పెడితే పని అయిపోయినట్టు కాదు. లండన్ అంబులెన్స్ సర్వీసులో ఒకప్పుడు కాల్ వివరాలు కాగితం మీద రాసి కన్వేయర్ బెల్టు మీద పెట్టేవారు. ఆ చీటీలు చూసి ఏ బండిని ఎక్కడికి పంపాలో నిర్ణయించేవారు. 1992 అక్టోబరు 26న ఆ పని మొత్తాన్నీ ఒక్క దెబ్బతో కంప్యూటరుకు అప్పగించారు. బండ్లు ఎక్కడున్నాయో దానికి సరిగా తెలియలేదు. ఒక రోగి దగ్గరికి రెండు బండ్లు వెళ్తే, ఇంకో రోగి దగ్గరికి ఒక్కటీ వెళ్లలేదు. అంబులెన్సు రాలేదని జనం మళ్లీ మళ్లీ ఫోన్ చేయడంతో లైన్లు నిండిపోయాయి. నవంబరు 4న వ్యవస్థ పూర్తిగా ఆగిపోయింది. ఒక ప్రోగ్రామరు పొరపాటున వదిలేసిన చిన్న కోడ్ ముక్క సర్వరు మెమరీని కొద్దికొద్దిగా తినేసింది. ఆదుకోవాల్సిన రెండో సర్వరు ఆదుకోలేదు. సిబ్బంది మళ్లీ కాగితం, కలం పట్టుకున్నారు.

ముప్పై ఏళ్లు గడిచాక కూడా అదే దేశంలో అలాంటిదే జరిగింది. 2023 జూన్ 25న బీటీ టెలికాం సంస్థ నడిపే 999 ఎమర్జెన్సీ కాల్ వ్యవస్థ దెబ్బతిని 14,000 దాకా కాల్స్ కలవలేదు. బ్యాకప్‌కు మారే తొలి ప్రయత్నం విఫలమైంది, ఎందుకంటే ఎలా మారాలో సూచనలు సరిగా రాసి లేవు, సిబ్బందికి ఆ పద్ధతి అలవాటు లేదు. 1.75 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. బ్యాకప్ ఉందని చెప్పుకుంటే సరిపోదు, దాన్ని తరచూ నడిపి చూడాలి. సర్వర్ల మీద పెట్టే ఖర్చుతో పాటు, రాత్రి షిఫ్టులో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునే ఉద్యోగి శిక్షణ మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి.

ఇక మన చేతిలో ఉన్నవి కొన్ని. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర బటన్ ఫోన్ ఉంటే, 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకుంటే 112కు వెళ్తుందేమో చూసి వాళ్లకు నేర్పండి. 2017 నుంచి అమ్మే ఫోన్లలో ఈ ఏర్పాటు ఉండాలన్నది నిబంధన. పొరపాటున 112 కలిస్తే భయపడి కట్ చేయకండి, పొరపాటున తగిలిందని చెప్పి పెట్టేయండి. లేకపోతే కంట్రోల్ రూమ్ ఉద్యోగి మీకు తిరిగి ఫోన్ చేస్తూ ఉంటాడు, ఆలోపు నిజంగా ఆపదలో ఉన్న మనిషి లైన్లో ఎదురుచూడాల్సి వస్తుంది.