అమ్మ చెప్పదు, మనమే చూడాలి

మన వైపు నర్సింగ్ హోమ్ అంటే కాన్పులూ, చిన్నాచితకా ఆపరేషన్లూ చేసే ఆసుపత్రి. మంచాన పడ్డ పెద్దవాళ్లని నెలల తరబడి ఉంచే చోటు అన్న అర్థం మనకి మొన్నమొన్నటిదాకా లేదు. ఇప్పుడో? గడ్డిఅన్నారం నుంచి ఎల్బీనగర్ దాకా ఏ కాలనీలో తిరిగినా ‘వృద్ధాశ్రమం’, ‘మంచంలో ఉన్నవారికి రాత్రింబగళ్లు సేవ’ అన్న బోర్డు ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉంటుంది. కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో. ఇక్కడున్న కోడలికి ఉద్యోగం. పక్షవాతం వచ్చిన అత్తగారిని లేపి కూర్చోబెట్టే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. ఏం చేస్తారు? చేర్పిస్తారు. అలా చేర్పించిన వాళ్లని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. చేర్పించాక మన బాధ్యత ఏమిటన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

నాగారంలో ఏం జరిగింది?

ఇలాంటివి ఎక్కడో పరాయి దేశాల్లో జరుగుతాయనుకోకండి. 2020 జనవరిలో మన నగర శివార్లలోనే, ఈసీఐఎల్ అవతల నాగారంలో, వృద్ధాశ్రమం పేరుతో నడుస్తున్న ఒక ఇంట్లోంచి కీసర పోలీసులు 73 మందిని బయటికి తెచ్చారు. పెద్దవాళ్లతో పాటు మానసిక రోగులని కూడా అక్కడే కుక్కి ఉంచారు. గొలుసులతో కట్టేశారనీ, కొట్టారనీ బయటపడింది. నిర్వాహకుల్ని అరెస్టు చేశారు. సంగతి ఎలా తెలిసిందంటారా? లోపలి నుంచి అరుపులు విని ఇరుగుపొరుగు వాళ్లు ఫిర్యాదు చేశారు. పక్కింటివాళ్ల చెవిన పడ్డ అరుపులు అయినవాళ్ల చెవిన ముందే ఎందుకు పడలేదు? మనం ఆలోచించవలసింది అదే.

మానసిక రోగులని గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా నిషేధమని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అలాంటి రోగులని ఉంచుకునే సంస్థకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చట్టం ఉంది సరే, గుమ్మం దాటి లోపలికెళ్లి చూసే కళ్లు కూడా ఉండాలి కదా!

కొట్టడమొక్కటే హింస కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, ఇలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు గడచిన ఏడాదిలో ఏదో ఒక రకంగా పెద్దవాళ్లని బాధపెట్టామని తామే ఒప్పుకున్నారు. ఇందులో చెయ్యి చేసుకోవడమే ఉండనక్కరలేదు. మాటిమాటికీ పక్క తడుపుతున్నారని మంచినీళ్లు తగ్గించడం, తడిసిన గుడ్డల్లో గంటలకొద్దీ వదిలేయడం, రాత్రి పిలవకుండా ఉండాలని నిద్రమాత్ర వేయడం, చేతులు మంచానికి కట్టడం, ‘ముసల్దానా’ అని అరవడం, వేలి ఉంగరం మాయం కావడం... ఇవన్నీ హింసే.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మే అడగదు. ‘బాగానే చూస్తున్నారమ్మా’ అంటుంది. మనం వెళ్లిపోయాక మళ్లీ ఆ ఆయా చేతి అన్నమే తినాలని ఆమెకి తెలుసు. పిల్లలకి భారం కాకూడదన్న బెంగ ఒకటి. మతిమరుపు జబ్బున్న వాళ్లయితే చెప్పినా, ‘ఆవిడ మాటలేం పట్టించుకుంటారండీ’ అని కొట్టిపారేస్తారు. అందుకే చెవులకన్నా కళ్లకే ఎక్కువ పని చెప్పాలి.

ఏం చూడాలి?

ప్రతి ఆదివారం పదింటికే వెళ్లారనుకోండి, ఆ పూటకి దుప్పటి మార్చి, తల దువ్వి సిద్ధంగా ఉంచుతారు. అందుకని ఒకసారి భోజనాల వేళ, ఒకసారి పొద్దుపోయాక, చెప్పకుండా వెళ్లండి. ‘ముందు ఫోన్ చేసి రావాలి’ అని ప్రతిసారీ ఆపేచోట ఎందుకో అనుమానించండి.

మీ చేత్తో ఒళ్లు తుడవండి. వీపు, నడుము కింద, మడమలు చూడండి. మంచంలో ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే అక్కడే పుళ్లు పడతాయి. మణికట్టు మీద కమిలిన మచ్చలు, పెరిగిన గోళ్లు, ఎండిన పెదాలు, వదులైపోయిన జాకెట్టు ఎన్నో సంగతులు చెబుతాయి. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ఆయా గదిలోకి రాగానే నోరు మూసుకుంటోందా? పగలంతా మత్తుగా పడి ఉంటోందా? ఏ మందులు ఇస్తున్నారో చీటీ అడిగి మీ డాక్టరుకి చూపించండి.

చేర్పించే ముందే రాత్రిపూట ఎంతమందికి ఒక ఆయా, డాక్టరు ఎప్పుడొస్తారు, ఒంట్లో బాగాలేకపోతే ఏ ఆసుపత్రికి తీసుకెళతారు అన్నవి అడిగి కాగితం మీద రాయించుకోండి. గోడలకి వేసిన రంగు, గుమ్మంలోని పూలకుండీల కన్నా ఇవి ముఖ్యం.

ఆయాల సంగతి కూడా చెప్పాలి. పదిమంది మంచాన ఉన్నచోట రాత్రంతా ఒక్కతే తిరిగే మనిషికి విసుగు రాదా? ఆమెని పేరు పెట్టి పిలవండి, ఇంటి సంగతులు అడగండి. మనుషులు తక్కువైతే నిలదీయవలసింది ఆమెని కాదు, యజమానిని.

ఆఖరి రోజుల్లో

క్యాన్సర్ లాంటి జబ్బు ముదిరి, ఇక వైద్యం లేదన్నాక కూడా నొప్పి తగ్గించే వైద్యం ఉంటుంది. దాన్ని ఇచ్చే చోటే హాస్పిస్. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. మార్ఫిన్ రోగులకి సులువుగా అందాలని 2014లో చట్టాన్నే సవరించారు. మందు ఉండి కూడా ‘ఈ వయసులో నొప్పులు మామూలే’ అని మూలుగుతున్న మనిషిని వదిలేయడం నిర్లక్ష్యమే. నొప్పి ఎంతుందో రోజూ అడుగుతున్నారా, ఏం ఇస్తున్నారు అని అడిగే హక్కు మనకుంది.

అనుమానం వస్తే...

ముందు మనిషిని అక్కడి నుంచి తీసుకొచ్చేయండి. గొడవ తర్వాత పెట్టుకోవచ్చు. దెబ్బలుంటే తేదీ వేసి ఫొటోలు తీసి, వేరే డాక్టరుకి చూపించి కాగితం తీసుకోండి. ఆ తర్వాత పోలీసులకి రాసివ్వండి. పెద్దల కోసం 14567 నంబరు ఉంది. ముందు హైదరాబాద్‌లో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా మాట్లాడవచ్చు. మీ వాళ్లే కానక్కరలేదు, పక్క సందులో ఎవరి మూలుగు వినిపించినా చేయవచ్చు.

చేర్పించి ముఖం చాటేసే వాళ్లకీ ఒక మాట. పెద్దవాళ్లని చూసుకోవలసిన బాధ్యత ఉండి, వాళ్లని పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా వదిలేస్తే 2007 నాటి తల్లిదండ్రుల సంక్షేమ చట్టం ప్రకారం 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఎవరూ రాని మంచం మీదే ముందు చెయ్యి లేస్తుంది. మీరు విదేశంలో ఉంటే ఇక్కడున్న పిన్నినో, పాత పక్కింటావిడనో వారానికోసారి వెళ్లి రమ్మని అడగండి. మీరు ఇక్కడే ఉంటే, మీవాళ్లని చూడ్డానికి వెళ్లినప్పుడు పక్క మంచం మీద పెద్దావిడని కూడా ‘అన్నం తిన్నారా అమ్మా’ అని పలకరించండి. ఆవిడకీ అడిగేవాళ్లున్నారని అక్కడివాళ్లకి తెలియాలి.