పాత పాఠాలు, కొత్త మూడుల్

సోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర మా వీధిలో పగలంతా మరమగ్గాల చప్పుడే. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలం; ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. ఆ చప్పుడులోనే కూర్చుని మా పేట పిల్లలకు అకౌంట్స్ పాఠాలు మూడుల్ అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌లో పెడుతుంటాను.

మూడుల్ వెర్షన్ మార్చాలంటే తోటి మాస్టార్లకు గుండెల్లో దడ. అంత అక్కర్లేదు. కోర్సు బ్యాకప్ తీస్తే పాఠాలు, క్విజ్‌లు, బొమ్మలు అన్నీ ఒకే ఫైల్లోకి వస్తాయి. పేరు చివర ‘ఎంబీజెడ్’ అని ఉంటుంది. 2010లో 2.0 వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి, అంతకుముందు జిప్ ఫైలు. 1.9 నాటి జిప్‌ను 2.1 నుంచి తెరవొచ్చు గానీ, పాఠాలే వస్తాయి. పిల్లల మార్కులు రావు. మార్కులు కావాలంటే ముందు పాత సైట్‌నే అప్‌గ్రేడ్ చేయాలి. ఇది ఎవరూ ముందుగా చెప్పరు!

పాత బ్యాకప్ కొత్త వెర్షన్‌లో తెరుచుకుంటుంది. కొత్తది పాతదాంట్లో తెరుచుకుంటుందన్న భరోసా లేదు. అదనంగా తగిలించుకున్న ప్లగిన్ కొత్త సైట్‌లో లేకపోతే దాంతో చేసిన అభ్యాసాలు మాయమవుతాయి. అందుకే ముందు ఖాళీ కోర్సులో రీస్టోర్ చేసి చూస్తాను. వీడియోలు మాత్రం బయటే ఉంచి లింకు ఇస్తాను, లేకపోతే ఫైలు బరువెక్కి సర్వర్ అప్‌లోడ్ పరిమితి దాటిపోతుంది.