చిన్నబండి పోయిన దారి

విశాఖపట్నమునుండి నాగపురము వరకు మా ప్రయాణమంతయు మోటారులోనే సాగినది. రైళ్ళను చూచుటకై రోడ్డున పోవుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మేము చూడదలచిన చిన్నబండ్లలో నేడు నడచుచున్నది ఒక్కటియు లేదు. వాని జాడ తీయుటకు రోడ్డే శరణ్యము. ఒక ప్రసంగమునకు పనికివచ్చు శబ్దములు దొరకునను ఆశతో రికార్డింగు యంత్రమును వెంట తీసుకొనిపోతిమి.

మన పెద్దలైన్లలో రెండు పట్టాల నడుమ ఎడము 5 అడుగుల 6 అంగుళములు. ఇది బ్రాడ్‌గేజి. న్యారోగేజిలో ఆ ఎడము సాధారణముగా 2 అడుగుల 6 అంగుళములు. మాథెరాన్ వంటి కొండదారులలో 2 అడుగులే. ఎడము తగ్గినంతమాత్రమున ఖర్చేల తగ్గును? బండి తేలికైనది గనుక సన్నని పట్టాలు చాలును. గట్టి వంపులను కూడ తిరుగగలదు గనుక గుట్ట అడ్డువచ్చినపుడు దానిని తొలువనక్కరలేదు, చుట్టిపోవచ్చును. కట్టలు, వంతెనలు అన్నియు చిన్నవే. ఆదాయము స్వల్పమని పెద్దలైను తొంగిచూడని సీమలకు ఇట్లు రైలు చేరినది.

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ ఉప్పుమడులకు పేరుపొందినది. మద్రాసు - కలకత్తా లైను ఆ ఊరిమీదుగా పోగా, పర్లాకిమిడి 25 మైళ్ళ ఎడముగా ఉండిపోయెను. ఆ సంస్థానాధిపతి గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయల వ్యయముతో తన రాజధానికి చిన్నలైను వేయించెను. 1900 ఏప్రిల్ 1న టెక్కలి, పాతపట్నముల మీదుగా బండి నడచినది. గిడుగు రామమూర్తిగారు అప్పుడు ఆ ఊరనే ఉపాధ్యాయులు. (మా ఈ గ్రాంథికమును వారు విన్నచో ఏమందురో!) తొలి సంవత్సరములలో మిగిలినది నష్టమే. లాభములు కనబడిన పిమ్మట 1931 నాటికి లైనును గుణుపురము వరకు పొడిగించిరి. మొత్తము 90 కిలోమీటర్లు.

దాని చిక్కంతయు నౌపడలోనే ఉండెను. గుణుపురము వైపునుండి వచ్చిన ప్రతి బస్తాను చిన్నబండినుండి దింపి పెద్దబండిలోనికి మరల ఎత్తవలసినదే. కూలి, కాలము, దారిలో ఒలికిన గింజలు, అన్నియు వర్తకుని లెక్కకే పోవును. లారీ యన్ననో, కొట్టుగుమ్మమున ఎత్తి కొట్టుగుమ్మముననే దింపును. చిన్నబండి మందగమనమును గూర్చి హాస్యములు పెక్కు కలవు గాని, దానిని దెబ్బతీసినది నడక కాదు, ఈ ఎత్తిపోతయే అని మా అభిప్రాయము. ఆవిరియంత్రములు పోయి డీజిలువి వచ్చినను ఆ చిక్కు తీరలేదు. 2004 జూనులో చిన్నబండి నిలిచినది. 2011లో అదే దారిని బ్రాడ్‌గేజి బండి వచ్చినది.

పాతపట్నము దాపున ఒక వృద్ధుడు తటస్థపడెను. ఒకప్పుడు ఆ ఇంజనులలో బొగ్గు వేసినవాడు. "తాతగారూ, ఆనాటి బండి మేలా, ఈనాటిదా?" అని అడిగితిమి. చిన్నబండిని పొగడునని మా ఊహ.

"ఇప్పటి బండే మేలు బాబూ. నా మనవరాలు దీనిమీదే సదువుకి ఎల్తంది. కానీ, అది పేరెట్టి పిలిసినట్టు కూసీది," అనెను.

ఎట్లు కూసెడిదో వినిపింపుమనగా, రెండు అరచేతులను దొప్పవలె జేర్చి ఊదెను. రెండు మారులు పొడుగుగా, ఒక మారు పొట్టిగా. పొరుగింటి పిల్లలు నవ్విరి. ఒక ముసలమ్మ మాత్రము తలుపు తీసి రోడ్డువంక చూచినది.

గుణుపురము, రాయగడ దాటి రాయపూరు చేరునప్పటికి రాత్రియైనది. ధమ్తరి వరకు, అభన్‌పూర్ వద్ద చీలి రాజిమ్ వరకు అచ్చట నడచిన చిన్నలైను కూడ 1900 నాటిదే. అచ్చటను చిన్నపట్టాలు తీసి పెద్దవి వేయ పూనుకొనిరి. వానలో ఎక్కువ చూడలేకపోతిమి.

నాగపురమున మోతీబాగ్ వద్ద 2002లో తెరచిన న్యారోగేజి ప్రదర్శనశాల కలదు. సాత్పురా కొండలలో ఒకప్పుడు విస్తారముగా నడచిన బండ్ల యంత్రములు అచ్చట రంగువేయబడి చెట్లక్రింద నిలిచియున్నవి. పిల్లలు ఎక్కి దిగుచుండిరి. యంత్రమును ఎంత దగ్గరగా పట్టినను మాకు పిల్లల కేకలే దొరకినవి. కావున ప్రసంగమున మేము వినిపించిన చిన్నబండి కూత పాతపట్నపు తాతదే.