కొయ్యముక్కతో మొదలైన పాటలపెట్టె

మా అటక మీద పాత బిస్కెట్ డబ్బా ఒకటి ఉంది. దాన్నిండా క్యాసెట్లు. చాలావాటి మీద సినిమా పేర్లు, కొన్నిటి మీద దేవుడి బొమ్మలు. ఒక్కదాని మీద మాత్రం బాల్‌పెన్నుతో "అమ్మమ్మ - మంగళహారతులు" అని రాసి ఉంటుంది. ఒక శ్రావణ శుక్రవారం పూజ దగ్గర మా మామయ్య రేడియో, టేపు రికార్డర్ కలిసిన టూ ఇన్ వన్ పెట్టి రికార్డు చేశాడు. అమ్మమ్మ గొంతుతో పాటు కుక్కర్ కూత, గాజుల చప్పుడు, "కాసేపు అల్లరి ఆపండర్రా" అన్న అత్తయ్య కేక కూడా అందులో ఉన్నాయి. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ హారతుల్లో సగం ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ నోటికి రావు.

ఏ గ్రామఫోన్ కంపెనీ కూడా మా అమ్మమ్మను పిలిచి పాడించి ఉండేది కాదు. రేడియో నుంచి ఫోన్ దాకా నేను పాటలు విన్న పరికరాలు చాలా ఉన్నాయి గానీ, వాటన్నిటిలోకీ క్యాసెట్‌కే ఎక్కువ రుణపడి ఉన్నాననిపిస్తుంది. పాట వినే మామూలు మనిషి చేతికి, రికార్డు చేసే శక్తిని కూడా చవగ్గా అందించిన యంత్రం అది. దాని పుట్టుక, పెంపకం, వార్ధక్యం తెలుసుకోదగ్గవి.

తీగ నుంచి టేపు దాకా

ధ్వనిని అయస్కాంతంతో పట్టి ఉంచవచ్చని మొదట చేసి చూపినవాడు డెన్మార్క్ ఇంజనీరు వాల్డెమార్ పౌల్సన్. 1898లో ఆయన ఉక్కు తీగ మీద మాటను నమోదు చేశాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ యంత్రం ముందు ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ మాట్లాడిన నాలుగు మాటలు నేటికీ వినవచ్చు. కానీ తీగ బరువు, చిక్కుపడితే విప్పడం కష్టం.

దారి చూపింది సిగరెట్ కాగితం. జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లూమర్ అనే ఆయన సిగరెట్ల చివర మెరిసే లోహపు పట్టీ అంటించే పద్ధతి మీద పనిచేసేవాడు. కాగితానికి లోహపు పొడి అంటుకుంటే, ఇనుప పొడి మాత్రం ఎందుకు అంటుకోదు అనుకున్నాడు. 1928లో కాగితపు పట్టీ మీద ఇనుప పొడి పూసిన టేపుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఆలోచనను జర్మనీ కంపెనీలు అందుకున్నాయి. ఏఈజీ యంత్రాన్ని తయారు చేసింది, బీఏఎస్ఎఫ్ కాగితానికి బదులు ప్లాస్టిక్ టేపును తయారు చేసింది. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో 'మాగ్నెటోఫోన్' జనం ముందుకొచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత టేపు రికార్డర్లు రేడియో స్టేషన్లకు, స్టూడియోలకు పాకాయి. అవి పెద్ద రీళ్లతో తిరిగే బరువైన యంత్రాలు. టేపును చేత్తో లాగి, ధ్వనిని నమోదు చేసే హెడ్ ముందునుంచి పోనిచ్చి, రెండో రీలుకు చుట్టాలి. అలవాటున్నవారికే సాగే పని అది.

కోటు జేబు కొలత

ఈ అవస్థను తప్పించాలనుకున్నవాడు లౌ ఆటెన్స్. 1926లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు. జర్మన్ల ఆక్రమణ కాలంలో కుర్రవాడిగా ఉన్నప్పుడే ఇంట్లో దొంగతనంగా రేడియో తయారుచేసుకుని నిషేధించిన ప్రసారాలు విన్నవాడు. పెద్దయ్యాక ఫిలిప్స్ సంస్థలో చేరి, బెల్జియంలోని హాసెల్ట్ ఫ్యాక్టరీలో కొత్త ఉత్పత్తుల విభాగానికి నాయకుడయ్యాడు.

కొత్త రికార్డర్ ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు ఆయన కాగితం మీద లెక్కలు వేయలేదు. ఒక కొయ్యముక్కను తన కోటు జేబులో పట్టేంత కొలతకు కోయించాడు. యంత్రం దీన్ని మించకూడదన్నాడు. టేపు, క్యాసెట్, మోటారు, బ్యాటరీ అన్నీ ఆ కొయ్యముక్కకు లోబడి కుదించుకోవాల్సి వచ్చింది. మ్యూజియంలో ఉండాల్సిన ఆ కొయ్యముక్క ఇప్పుడు లేదు. ఒకసారి కారు టైరు పంక్చరైతే, జాకీ కింద ఎత్తుకు పెట్టడానికి ఆటెన్స్ దాన్నే వాడాడు. అలా పోయింది.

1963 ఆగస్టు 30న బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ తన క్యాసెట్‌నూ, దాన్ని వాడే చిన్న రికార్డర్‌నూ ప్రదర్శనకు పెట్టింది. అప్పటికి అది మాటలు రికార్డు చేసుకునేందుకు ఉద్దేశించిన పరికరం. సంగీతానికి పనికొస్తుందని ఎక్కువమంది అనుకోలేదు.

తుప్పుకు చుట్టం, పాటకు ఇల్లు

క్యాసెట్ టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపే. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. వైపుకు అరగంట పాడే క్యాసెట్‌లో సుమారు 90 మీటర్ల టేపు ఉంటుంది. దాని గోధుమరంగు పూత ఐరన్ ఆక్సైడ్. మన ఇంటి గేటుకు పట్టే తుప్పుకు దగ్గరి చుట్టం. ఆ పూతలో కంటికి కనబడని సూదుల్లాంటి రేణువులు కోట్ల కొద్దీ ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక చిన్న అయస్కాంతం.

మైకు ముందు పాడితే గాలిలో కదలిక విద్యుత్తుగా మారుతుంది. ఆ విద్యుత్తు రికార్డర్ హెడ్‌లోని తీగచుట్టలోకి వెళుతుంది. హెడ్ అంటే మధ్యలో అతి సన్నని చీలిక ఉన్న విద్యుదయస్కాంతం. చీలిక దగ్గర అయస్కాంత క్షేత్రం స్వరంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాని ముందునుంచి జారిపోయే రేణువుల అయస్కాంతత్వం ఆ క్షణంలో క్షేత్రం ఎటు ఉంటే అటు తిరిగి, అలాగే నిలిచిపోతుంది. తిరిగి పాడించేటప్పుడు ఇదంతా వెనక్కి జరుగుతుంది. కదిలే అయస్కాంతాలు హెడ్‌లో విద్యుత్తును పుట్టిస్తాయి, అది స్పీకరును కదిలిస్తుంది. టేపును సమవేగంతో లాగే పని సన్నని ఇనుప కడ్డీదీ, దాన్ని నొక్కి తిరిగే రబ్బరు చక్రానిదీ. ఆ రబ్బరు జిడ్డు పట్టినప్పుడే మన టేపు రికార్డర్లు టేపును నమిలేసేవి. క్యాసెట్ చక్రం లోపలి ఆరు పళ్ల మధ్య పెన్సిల్ దూర్చి, ఓపికగా తిప్పి సరిచేసుకున్న తరం మనది.

ఈ నిర్మాణంలో ముందుచూపు కూడా ఉంది. స్టీరియోలో ఎడమ, కుడి ధ్వనుల బాటలను పక్కపక్కనే పెట్టారు. అందువల్ల స్టీరియో క్యాసెట్‌ను పాత మోనో రికార్డర్‌లో వేసినా రెండు బాటలూ కలిసి పాట పూర్తిగా వినిపిస్తుంది. క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచేస్తే రికార్డు మీట దిగదు, పాట భద్రం. మళ్లీ రికార్డు చేయాలంటే ఆ గుంతలో కాగితం ముక్క కూరితే చాలు.

చిన్న టేపు, తక్కువ వేగం అన్నప్పుడు ఒక లోపం తప్పదు. అదే బుస్సుమనే శబ్దం. దీనికి మందు కనిపెట్టిన రే డాల్బీ జీవితంలో మన దేశానికీ చోటుంది. 1963 నుంచి 1965 దాకా ఆయన యునెస్కో సలహాదారుగా చండీగఢ్‌లోని కేంద్రీయ శాస్త్రీయ పరికరాల సంస్థలో పనిచేశాడు. తర్వాత లండన్‌లో తన ప్రయోగశాల పెట్టి, 1968లో ఇళ్లలో వాడుకునే 'డాల్బీ బి' పద్ధతిని తెచ్చాడు. రికార్డు చేసేటప్పుడు సన్నని పై ధ్వనులను పెంచి, పాడించేటప్పుడు అంతే తగ్గిస్తారు. పాట యథాస్థితికి వస్తుంది, దానితో పాటు బుస తగ్గిపోతుంది. ఈ మెరుగు, మంచి టేపుల రాక కలిసి మాటల పరికరాన్ని సంగీత పరికరంగా మార్చాయి.

ఉచితంగా ఇచ్చిన హక్కు

క్యాసెట్ ప్రపంచమంతా పాకడానికి సాంకేతికత ఒక్కటే కారణం కాదు. అదే కాలంలో వేరే కంపెనీల దగ్గరా ఇలాంటి పెట్టెలు ఉన్నాయి. జర్మనీకి చెందిన గ్రుండిగ్ తన సొంత క్యాసెట్ తెచ్చింది. ఫిలిప్స్ మొదట రాయల్టీ అడిగింది. జపాన్‌కు చెందిన సోనీ గట్టిగా బేరమాడింది. చివరికి 1965లో ఫిలిప్స్ రాయల్టీ వదులుకుని, తన కొలతలకు కట్టుబడితే ఎవరైనా తయారు చేసుకోవచ్చంది. దాంతో టోక్యోలో కొన్న క్యాసెట్ తెనాలిలోనూ పాడింది. ఒక కంపెనీ చేసిన ఈ ఒక్క నిర్ణయం వందల కంపెనీల పోటీని ఒకే దారిలో నడిపింది, ధర దిగింది.

1979 జులై 1న సోనీ జపాన్‌లో వాక్‌మన్ విడుదల చేసింది. ధర 33,000 యెన్లు. విలేకరులు వాడే చిన్న రికార్డర్‌లోంచి రికార్డు చేసే భాగం తీసేసి, స్టీరియో వినే ఏర్పాటు పెట్టారు. ఇద్దరు కలిసి వినాలని మొదటి నమూనాకు రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు ఉండేవి. నడుస్తూ, బస్సులో కూర్చుని, తనకు మాత్రమే వినబడే పాట వినడం మనిషికి అప్పుడే అలవాటైంది. నేడు మన చెవుల్లో ఉన్న ఇయర్‌బడ్స్‌కు తాత ఆ వాక్‌మనే.

మన ఊళ్లకు వచ్చిన గొంతులు

మన దేశంలో రికార్డుల కాలమంతా దాదాపు హెచ్ఎంవీదే. ఏ పాట అచ్చవ్వాలో, ఎవరు గాయకులో తేల్చేది కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఫ్యాక్టరీ ఉన్న ఆ ఒక్క కంపెనీయే అన్నట్టుండేది. 1970లు, 80లలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు సెలవుల్లో టూ ఇన్ వన్‌లు తేవడం, దేశంలోనే క్యాసెట్ల తయారీ పెరగడం ఆ కట్టను తెంచాయి. ఢిల్లీలో పండ్లరసం అమ్మే కుటుంబం నుంచి వచ్చిన గుల్షన్ కుమార్ పెట్టిన టీ-సిరీస్ చవక క్యాసెట్లతో మార్కెట్‌ను మార్చేసింది. అమెరికా సంగీత పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ ఈ మార్పు మీద 1993లో పుస్తకమే రాశాడు.

ఇక్కడ మంచీ చెడూ రెండూ ఉన్నాయి. దొంగ క్యాసెట్ల వల్ల గాయకులకు, నిర్మాతలకు రావలసిన డబ్బు రాలేదు. అది నిజమైన నష్టం. మరోవైపు, రికార్డుల కంపెనీలు పట్టించుకోని పాట బతికింది. బుర్రకథ, ఒగ్గుకథ, హరికథ, జానపదాలు, ఊరి దేవత మీద పాటలు జాతరలో అంగడి మీదికొచ్చాయి. ఘంటసాల భగవద్గీత తెల్లవారుజామున గుడి మైకులోకి చేరింది. 'దానవీరశూరకర్ణ' సంభాషణలు కంఠతా పట్టిన కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. గద్దర్ పాటలు చేతులు మారుతూ పల్లెలకు చేరాయి. టౌనులో రికార్డింగ్ సెంటర్‌కు వెళ్లి పాటల చీటీ ఇస్తే, అరవై నిమిషాలకు సరిపడా ఏరి రికార్డు చేసిచ్చేవారు. ఎడారిలో పనిచేసే కొడుకు క్యాసెట్‌లో మాట్లాడి పంపితే, చదువురాని తల్లి ఎవరి సాయమూ లేకుండా ఆ ఉత్తరం విన్నది.

ఆ రోజుల్లో మనం వినే తీరూ వేరు. నచ్చని పాటను దాటేయాలంటే ఫార్వర్డ్ నొక్కి అంచనా మీద ఆపాలి. అంత శ్రమ ఎందుకని వినేసేవాళ్లం. అలా వినగా వినగా నచ్చిన పాటలు నాకు చాలా ఉన్నాయి. ఈనాటికీ ఒక పాట అయిపోగానే, ఆ క్యాసెట్‌లో దాని తర్వాత వచ్చే పాట ఎత్తుగడ మనసులో మొదలవుతుంది.

తగ్గుముఖం, కొత్త బతుకు

1982లో సీడీ వచ్చింది. దాని రూపకల్పనలోనూ ఆటెన్స్ పాత్ర ఉంది. తన బిడ్డను మించింది వస్తే వదిలేయాలన్నదే ఆయన ధోరణి. క్యాసెట్ మీద మమకారం ఆయనకు ఎప్పుడూ లేదు. తర్వాత ఎంపీత్రీ, ఆ తర్వాత స్ట్రీమింగ్ వచ్చాయి. 2010లో సోనీ జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ అమ్మకాలు ఆపింది. ప్రపంచంలో అమ్ముడైన క్యాసెట్లు 10,000 కోట్లకు పైనే అని అంచనా. ఆటెన్స్ 2021 మార్చిలో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

టేపు మాత్రం చావలేదు. బ్యాంకులు, పరిశోధన సంస్థలు, డేటా కేంద్రాలు పాత సమాచారాన్ని భద్రపరిచేది ఇప్పటికీ అయస్కాంత టేపు మీదే. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 అనే టేపు పెట్టె ఒక్కదానిలో 18 టెరాబైట్లు పడతాయి. విద్యుత్తు లేకుండా అరలో కూర్చోగలగడం దాని బలం.

పాటల వ్యాపారంలో వార్తలు చూస్తున్నప్పుడు నాకు క్యాసెట్ తరచూ గుర్తొస్తుంది. 2023 మార్చిలో స్పాటిఫైకి, జీ మ్యూజిక్‌కి ఒప్పందం కుదరక ఎన్నో హిందీ సినిమా పాటలు ఆ వేదిక మీదినుంచి మాయమయ్యాయి. నెలనెలా డబ్బు కట్టినా ఆ పాటలు మనవి కావు, అద్దెవి. స్ట్రీమింగ్ ఇచ్చే సౌకర్యాన్ని నేనూ రోజూ అనుభవిస్తున్నాను, దాన్ని కాదనను. కానీ ఎవరి అనుమతీ అక్కర్లేని పాట ఇంట్లో కొంతైనా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ స్ట్రీమింగ్ వేదికలోనూ దొరకని పాటలు మీ ఇంట్లో ఉన్నాయేమో చూడండి. వేడి, తేమ, బూజు టేపుకు శత్రువులు. పూత రాలిపోతే ఆ గొంతు మళ్లీ రాదు. అటక మీది డబ్బా దించండి. పేర్లు రాసున్నవాటిని, రాయనివాటిని విడదీయండి. ముందుగా క్యాసెట్ వెనక ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, పొరపాటున చెరిగిపోకుండా ఉంటుంది. బాగున్న టేపు రికార్డర్ సంపాదించి, హెడ్‌నూ రబ్బరు చక్రాన్నీ స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. క్యాసెట్‌ను ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, అప్పుడు పాడించి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సందర్భం అన్నది గుర్తున్న పెద్దవాళ్లు ఉండగానే రాసి పెట్టండి. ఒక్క ఆదివారం చాలు. నేను మా అమ్మమ్మ హారతులను అలాగే ఎక్కించాను, కుక్కర్ కూతతో సహా.