మాయ మాత్రలు, డౌలా తోడు
కాన్పు తర్వాత బయటపడే మాయను ఆవిరిపై ఉడికించి, పలుచగా కోసి, ఎండబెట్టి, పొడిచేసి క్యాప్సూల్స్‌లో నింపడం అమెరికాలో కొందరు డౌలాలు, అంటే కాన్పు వేళ తోడుండేవారు, డబ్బు తీసుకుని చేసే పని. బాలింత దిగులు తగ్గుతుందని, పాలు బాగా పడతాయని నమ్మి తల్లులు వాటిని మింగుతారు. లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 27 మందిపై చేసిన చిన్న పరీక్షలో కొందరికి మాయ మాత్రలు, మిగతావారికి గొడ్డుమాంసపు పొడి మాత్రలు ఇచ్చారు. మనఃస్థితిలో గానీ అలసటలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ముప్పు మాత్రం నిజం. 2016లో ఆరిగాన్ రాష్ట్రంలో ఒక పసికందు రక్తానికి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి సోకింది. 11 రోజులు యాంటీబయాటిక్ ఇచ్చి ఇంటికి పంపితే, 5 రోజులకే జబ్బు తిరగబెట్టింది. తల్లి రోజుకు మూడుసార్లు, రెండేసి చొప్పున వేసుకుంటున్న మాయ మాత్రల్లో అదే క్రిమి దొరికింది. ఈ మాత్రలకు దూరంగా ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2017లో సూచించింది.

డౌలా తోడు సంగతి వేరు. ఆమె వైద్యురాలు కాదు, మంత్రసానీ కాదు. నొప్పుల వేళ నడుము నొక్కుతూ, ఊపిరి ఎలా తీసుకోవాలో చెబుతూ, బిడ్డ పుట్టేదాకా పక్కనే ఉండే మనిషి. 15,000 మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించిన వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్షలో, ఇలాంటి ఎడతెగని తోడు ఉన్నచోట మామూలు కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి. ఆ తోడు అమ్మో అక్కో అయినా మేలే. భారత ఆరోగ్య శాఖ కూడా 2016లో ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదుల్లోకి ఒక ఆడతోడును అనుమతించింది.