మరులమాతంగి: రెండు విత్తనాల ముళ్ళకాయ

తొలకరి జల్లులు పడిన కొద్ది రోజులలోనే చెరువు శిఖం భూములలోను, కాలువ గట్ల మీద, పెంటదిబ్బల చుట్టూ గుంపులుగా మొలిచే కలుపు మొక్కలలో మరులమాతంగి ఒకటి. కొన్ని ప్రాంతాలలో దీనిని తలనొప్పి మొక్క అని కూడా వ్యవహరిస్తారు. దీని శాస్త్రీయ నామం క్సాంథియం స్ట్రుమేరియం. పొద్దుతిరుగుడు, వయ్యారిభామ మొక్కల వలె ఇది కూడా ఆస్టరేసి కుటుంబానికి చెందినదే. వయ్యారిభామపై జరిగినంత ప్రచారం దీనిపై జరగలేదు. పశువుల ప్రాణాలకు దీని వలన కలిగే ముప్పును గమనిస్తే ఈ ఉపేక్ష సమంజసం కాదు.

ఇది కేవలం విత్తనం ద్వారా వ్యాపించే ఏకవార్షిక మొక్క. కాండంపై ఊదారంగు మచ్చలు ఉంటాయి. ఆకులు త్రికోణాకారంలో, గరుకు కాగితం వలె ఉంటాయి. మగ, ఆడ పుష్పగుచ్ఛాలు ఒకే మొక్కపై విడివిడిగా ఏర్పడతాయి. కొక్కెపు ముళ్ళతో నిండిన కాయ పశువుల వెంట్రుకలకు, గోనె సంచులకు, మనుషుల దుస్తులకు అంటుకొని ప్రయాణిస్తుంది. నీటిపై తేలే గుణం ఉండడం వలన కాలువ నీటితో పాటు పొలం నుండి పొలానికి చేరుతుంది. ఉన్ని గల దక్కనీ గొర్రెలు ఈ కాయలను మోసుకొని తిరుగుతాయి. ఉన్ని అంతగా లేని నెల్లూరు జాతి గొర్రెలతో ఈ ఇబ్బంది తక్కువ.

ఈ మొక్కను అదుపు చేయడం ఎందుకు కష్టమో తెలియాలంటే కాయను నిలువుగా చీల్చి చూడాలి. లోపల రెండు గదులు, గదికొక విత్తనం ఉంటాయి. ఈ రెండూ ఒకే విధంగా ప్రవర్తించవు. పెద్దదైన క్రింది విత్తనం సాధారణంగా ముందు మొలకెత్తుతుంది. పై విత్తనం నిద్రావస్థలో ఉండి, తరువాతి సంవత్సరమో, ఇంకా ఆలస్యంగానో మొలుస్తుంది. విత్తన కవచం ప్రాణవాయువును అడ్డగించడమే ఈ నిద్రావస్థకు కారణమని క్రోకర్ 1906లో వివరించారు. విత్తనంలోని మొలక నిరోధక పదార్థాల పాత్రను వేరింగ్, ఫోడా 1957లో చూపారు. రైతుకు దీని అర్థం ఒక్కటే: ఒక ఏడాది పొలాన్ని పూర్తిగా శుభ్రం చేసినా, మరుసటి ఏడాదికి కావలసిన విత్తనం నేలలో మిగిలే ఉంటుంది.

పూత విషయంలోనూ ఈ మొక్కకు ఒక ప్రత్యేకత ఉంది. ఇది హ్రస్వదీప్తి మొక్క. పగటి నిడివి కంటే ఎడతెగని రాత్రి నిడివి దీనికి ముఖ్యం. హామ్నర్, బోనర్ 1938లో ప్రకటించిన ప్రయోగాలలో సుమారు ఎనిమిదిన్నర గంటలకు మించిన చీకటి లభించినపుడే పూత వచ్చింది. ఆ చీకటికి మధ్యలో కొద్దిపాటి వెలుగు సోకినా పూత ఆగిపోయింది. అవసరమైన చీకటి ఎంత అన్నది మొక్క పుట్టిన అక్షాంశాన్ని బట్టి మారుతుంది. అందువలన వాన చివరలో, రాత్రులు పెరుగుతున్న కాలంలో ఆలస్యంగా మొలిచిన మొక్క జానెడు ఎత్తు కూడా పెరగకుండానే పూసి కాయ కడుతుంది. చిన్న మొక్కే కదా అని గట్టు మీద వదిలివేయడం సరికాదు.

పంటకు జరిగే నష్టం చిన్నది కాదు. అమెరికాలో సోయాచిక్కుడుపై జరిగిన పరిశీలనలలో పంటకాలమంతా చదరపు మీటరుకు రెండు, మూడు మొక్కలు నిలిస్తే దిగుబడి సుమారు సగానికి పడిపోయింది. వేగంగా ఎదిగి పంటపై నీడ పరచడం, లోతుగా వేళ్ళు దించి తేమను లాగడం ఇందుకు కారణాలు. ప్రత్తిని ఆశించే పిండినల్లికి కూడా ఇది ఆశ్రయమిస్తుంది.

అన్నిటికంటే తీవ్రమైనది విషప్రభావం. విత్తనాలలోను, బీజదళాల దశలోని మొలకలలోను కార్బాక్సీఅట్రాక్టిలోసైడ్ అనే పదార్థం అధికంగా ఉంటుంది. ఇది కణంలోని మైటోకాండ్రియా నుండి శక్తి వెలుపలికి రాకుండా అడ్డుకుంటుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయ కణజాలం నశిస్తుంది. పందులలో శరీర బరువులో 0.75 నుండి 3 శాతం మొలకలు తిన్నా విషప్రభావం కనిపిస్తుంది. నీరసం, వాంతులు, శ్వాసలో ఇబ్బంది, మూర్ఛ ప్రధాన లక్షణాలు. నిజమైన ఆకులు ఎదిగే కొద్దీ విషం తగ్గుతుంది. ముదిరిన మొక్కను గరుకుదనం వలన పశువు ముట్టదు. అంటే వేసవి అంతా పచ్చిమేత లేక ఆకలిగొన్న పశువును తొలకరిలో తోలే సమయము, మొలకలు అత్యంత విషపూరితంగా ఉండే సమయము ఒక్కటే.

మనుషులకూ ఈ ప్రమాదం తప్పలేదు. 2007లో వరదల అనంతరం ఆహారం కొరతగా ఉన్న సమయంలో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో ఈ లేత మొలకలను ఆకుకూరగా వండుకొని తిన్నవారిలో 76 మంది అస్వస్థులయ్యారు. 19 మంది మరణించారు. చెరువు నీరు తగ్గిన బురద నేలలలో ఆకుకూరలు ఏరుకొనేవారికి ఈ మొలకను గుర్తుపట్టడం నేర్పాలి. కోలగా, బల్లెపు మొన వలె సాగి, దళసరిగా నునుపుగా ఉన్న రెండు బీజదళాలు దీని గుర్తు. పీకి చూస్తే వేరు మొదట పాత ముళ్ళకాయ తరచుగా అంటుకొని ఉంటుంది. ఇంతకంటే తేలికైన ఆనవాలు లేదు.

నివారణలో విత్తనం పరిమాణాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. పెద్ద విత్తనం కావడం వలన నేలలో బాగా లోతు నుండి కూడా మొలుస్తుంది. అందుచేత విత్తిన వెంటనే పిచికారీ చేసే పెండిమిథాలిన్ వంటి మందులు దీనిపై అంతగా పనిచేయవు. తొలి వానకు మొలవనిచ్చి, గుంటక తోలి నాశనం చేసిన తరువాత విత్తుకోవడం మేలు. అటుపై అంతరకృషి తప్పనిసరి. సోయాచిక్కుడులో ఇమాజెథాపిర్, ప్రత్తిలో పైరిథియోబాక్ సోడియం మందులను కలుపు రెండు, మూడు ఆకుల దశలో ఉండగా సిఫారసు మోతాదులో వాడవచ్చు. అయితే ఈ రెండూ మొక్కలోని ఒకే ఎంజైముపై పనిచేసేవే. పంట మార్చినా మందు తీరు మారనట్లే. ఈ తరగతి మందులను తట్టుకొనే మరులమాతంగి అమెరికాలో 1980ల చివరికే బయటపడింది. గట్లపై 2,4-డి వాడేవారు ప్రక్కన ప్రత్తి ఉంటే మానుకోవాలి. ఆ మందు గాలికి సోకినా ప్రత్తి ఆకులు ముడుచుకుపోతాయి.

కాయ కట్టని మొక్కలను పీకి కంపోస్టులో వేయవచ్చు. కాయ కట్టినవాటిని పెంటకుప్పలో వేస్తే ఎరువుతో పాటు విత్తనాన్నీ పొలానికి తోలినట్లే. వాటిని ఎండబెట్టి కాల్చివేయాలి. చెరువు శిఖంలోను, కాలువల ఎగువ భాగంలోను పూతకు ముందే ఊరంతా కలిసి ఈ పని చేయకపోతే, ఒక్క రైతు తన చేనులో పడే శ్రమ వచ్చే వరద నీటితోనే వృథా అవుతుంది. పై విత్తనాలు మిగిలి ఉంటాయి కనుక కనీసం రెండు, మూడు సంవత్సరాలు వరుసగా చేయాలి.