‘టప్’మందా... కూర్చున్నట్టే!

పల్లేరుగాయ తెలుసుగా! చంద్రగిరి వైపు మెట్టచేల గట్ల మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే చాలు... అదే వచ్చి పరిచయం చేసుకుంటుంది. నేల మీద పాకే తీగ, బుల్లి పసుపు పూలు. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంటుందో! కాయ ఎండాక మాత్రం ఎటు పడేసినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. ఆయుర్వేదంలో గోక్షురం అనేది దీన్నే. సముద్రాలు దాటి అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోనూ పాతుకుపోయిన ఈ మొక్కను అక్కడివాళ్లు ‘మేకతల’ అంటారు. ముళ్లు కొమ్ముల్లా ఉంటాయి కదా, అందుకు! సైకిలు తొక్కేవాళ్లకు దీనిమీద ఎంత కోపమంటే ఇదాహో రాష్ట్రంలోని బోయిసీ నగరంలో దీని పేరుతో ఏకంగా ఓ సైకిళ్ల పండగే చేస్తున్నారు.

ఆ ముల్లు మన దగ్గరా ఉంది, అక్కడా ఉంది. కొండదారుల్లో తిరిగే సైకిళ్లలోంచి ట్యూబును తీసేయించిన కారణాల్లో అదీ ఒకటి. ఇప్పుడు ఆ ట్యూబులేని టైర్లు మన ఊళ్లకూ వచ్చాయి. తిరుపతిలోనో మదనపల్లెలోనో తెల్లవారుజామున రోడ్డు పక్కన నిలబడితే లావుపాటి టైర్ల గేరు సైకిళ్లు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఇంకా ట్యూబువే. కాస్త ఖరీదైనవి మాత్రం ‘ట్యూబ్‌లెస్ రెడీ’ అన్న ముద్రతో వస్తున్నాయి. కొనేటప్పుడు దుకాణంవాళ్లు ఇక పంక్చర్ల బాధే లేదంటారు. ఆ మాట చాలావరకు నిజమే. ఆ టైరును రిమ్ముకు ఎక్కించాలంటే ఎంత చెమట పట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు!

బిగుతు ఎందుకంత?

పాతకాలంలో ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసే ఉంటారు, అడగండి. చక్రం కన్నా కాస్త చిన్నదిగా పట్టా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చేవాళ్లు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుంది కాబట్టి చెక్క చక్రం మీద ఎక్కుతుంది. వెంటనే నీళ్లు పోస్తే సుయ్‌మంటూ బిగుసుకుంటుంది. ఇంగ్లిషులో ‘టైర్’ అన్న మాట మొదట ఇలాంటి ఇనుప పట్టాలకు వాడిందే. గాలి టైరు చాలా తర్వాత వచ్చింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడుచక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టడంతో దాని దశ తిరిగింది.

ట్యూబున్న టైరులో గాలిని పట్టుకునే పని ట్యూబుది. టైరు పైకోటు మాత్రమే. అంచు కొంచెం వదులుగా ఉన్నా ఫర్వాలేదు. ట్యూబు లేనప్పుడు టైరు, రిమ్ము కలిసి డబ్బాకు మూతలా అతుక్కోవాలి. టైరు అంచులో ఉండే తీగను బీడ్ అంటారు. అది ఉక్కుతోనో, కెవ్లార్ వంటి గట్టి నారతోనో చేసి ఉంటుంది. లాగితే సాగదు, సాగకూడదు కూడా! సాగితే మలుపులో ఒరిగినప్పుడు అంచు పక్కకు జరిగి గాలి బుస్సున పోతుంది. అందుకే కావాలనే బిగుతుగా చేస్తారు. వ్యాసంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే చుట్టుకొలతలో మూడు మిల్లీమీటర్ల పైనే తేడా. ఒక కంపెనీ రిమ్ము రవ్వంత పెద్దదై, ఇంకో కంపెనీ టైరు రవ్వంత చిన్నదైతే... ఆ భారమంతా మన బొటనవేళ్ల మీదే.

కొలతల సంగతి వచ్చింది కాబట్టి ఓ తమాషా. తాతగారి 28 అంగుళాల నల్ల సైకిలు రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. మనవడి 29 అంగుళాల కొండసైకిలుది 622 మాత్రమే! అంకెలో పెద్దది, రిమ్ములో చిన్నది. టైరు కొనేటప్పుడు అంగుళాలు చూసి మోసపోకుండా పక్కగోడ మీద ఉండే మిల్లీమీటర్ల అంకె చూడమనేది అందుకే.

కార్లలో ట్యూబ్‌లెస్ 1950ల నుంచే ఉంది. కొండసైకిళ్లకు పద్ధతి ప్రకారం వచ్చింది 1999లో, ఫ్రాన్సుకు చెందిన మావిక్ కంపెనీ టైర్ల తయారీదారులతో కలిసి యూఎస్‌టీ అనే ప్రమాణం తెచ్చినప్పుడు. ఇప్పుడు మన ఇళ్లలోని స్కూటర్లకూ అవే టైర్లు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, వరదయ్యపాళెం మండలం చినపాండూరులో అపోలో టైర్ల కర్మాగారం 2020 నుంచి పనిచేస్తోంది. అక్కడ తయారయ్యేవి కార్లు, లారీల టైర్లు. సూత్రం మాత్రం అన్నిటికీ ఒకటే.

కిటుకంతా మధ్య గాడిలో!

రిమ్మును అడ్డంగా కోసి చూస్తే మధ్యలో చిన్న కాలువలాంటి పల్లం కనిపిస్తుంది. మొత్తం రహస్యం అక్కడే ఉంది. టైరు అంచు చివరికి కూర్చోవాల్సింది పక్కనున్న మెట్టు మీద. ఎక్కించేటప్పుడు మాత్రం అది ఈ గాడిలో ఉండాలి. అక్కడ చుట్టుకొలత తక్కువ కాబట్టి, ఒకవైపు అంచు గాడిలోకి దిగితే రెండోవైపు ఆ మేరకు వదులు దొరుకుతుంది. బలమంతా పెట్టినా ఎక్కని టైరు, గాడి సంగతి తెలిసినవాళ్ల చేతిలో పది నిమిషాల్లో ఎక్కడానికి కారణం ఇదే. కండబలం కాదిది, జామెట్రీ!

ముందు రిమ్ము లోపల అంటించిన టేపు చూడండి. పాత టేపు మీద కొత్తది, దానిమీద ఇంకోటి వేసి ఉంటే గాడి పూడిపోయినట్టే. పలచటి టేపు ఒక వరస చాలు, రెండు వరసలంటే ఎక్కువే. కొత్త టైరు మడతపెట్టి వస్తుంది. మన ఎండలో అరగంట పరిస్తే రబ్బరు మెత్తబడి చెప్పినమాట వింటుంది. లోపలి తీగ మాత్రం ఎంత ఎండకూ సాగదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

మొదటి అంచు తేలిగ్గానే ఎక్కుతుంది. పేచీ అంతా రెండోదానితోనే. గాలిపోసే వాల్వుకు సరిగ్గా ఎదురువైపు మొదలుపెట్టి, రెండు చేతులతో చెరోవైపు నొక్కుకుంటూ వాల్వు దగ్గర ముగించాలి. చాలామంది వాల్వు దగ్గరే మొదలుపెడతారు. వాల్వు అడుగుభాగం గాడికి అడ్డుగా ఉండటంతో అంచు అక్కడ లోపలికి దిగదు. చివర్లో జానెడు మిగిలిపోయి, లోపలికి రానంటే రానని భీష్మించుకుంటుంది. అప్పుడు లివర్ తీయకండి! ఎక్కిన భాగాన్నంతా మళ్లీ ఒకసారి చుట్టూ చిటికెలతో నొక్కుతూ గాడిలోకి తోసి, ఆ వదులును చివరికి తోసుకురండి. ఇడ్లీగుడ్డ పిండినట్టు, కింది నుంచి పైకి. మిగిలిన చోట సబ్బునీళ్లు రాసి, అరచేతి మడమతో ఒత్తుతూ దొర్లించాలి. ఒకచోట ఎక్కిస్తుంటే ఇంకోచోట ఊడివస్తోందా? ఆ చివర రిమ్ముకు గుడ్డపీలికతో కట్టేయండి. అప్పటికీ కాకపోతే ప్లాస్టిక్ లివర్. ఇనుప లివరో స్క్రూడ్రైవరో పెడితే అల్యూమినియం రిమ్ము అంచు సొట్టపోతుంది, టేపు చిరుగుతుంది. ఆ తర్వాత ఎంత గాలి కొట్టినా నిలవదు.

ఎక్కించాక అసలు పరీక్ష గాలిది. చేతిపంపుతో మెల్లగా కొడితే గాలి అంచుల సందుల్లోంచి పోతూనే ఉంటుంది. ఒక్కసారిగా రావాలి. వాల్వు లోపలి పిన్ను తీసేస్తే దారి పెద్దదవుతుంది. వీధి చివరి పంక్చర్ షాపు కంప్రెసర్ ఇక్కడే ఆదుకుంటుంది. ఈ సైకిళ్ల సన్నపాటి వాల్వుకు షాపులోని నాజిల్ పట్టదు కాబట్టి చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాలి. కంప్రెసర్ లేకపోతే ఓ పాత చిట్కా ఉంది. ముందు ట్యూబు వేసి గాలి కొట్టి రెండంచుల్నీ కూర్చోబెట్టాలి. తర్వాత ఒకవైపు మాత్రమే తీసి ట్యూబు లాగేయాలి. రెండోవైపు కూర్చునే ఉంటుంది కాబట్టి సగం పని అయిపోయినట్టే.

లోపల గాలి నిండుతుంటే అంచు గాడిలోంచి లేచి మెట్టెక్కుతుంది. అప్పుడే ‘టప్... టప్’మని చప్పుడు. కొత్తవాళ్లు పేలిపోయిందని ఎగిరిపడతారు. పేలలేదు, కూర్చుంది! టైరు పక్కన చుట్టూ ఉండే సన్నటి గీత రిమ్ముకు అంతటా ఒకే దూరంలో ఉందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత గాలి తీసి, వాల్వులోంచి సీలెంటు పోస్తారు. వంద మిల్లీలీటర్లు అటూ ఇటూ. ఎక్కువ రకాల్లో ఉండేది రబ్బరు పాలే. ముల్లు గుచ్చుకున్నచోట గాలితోపాటు బయటికొస్తూ గడ్డకట్టి రంధ్రాన్ని పూడ్చేస్తుంది.

వేళ్లు జాగ్రత్త, ముఖం ఇంకా జాగ్రత్త

ఒక్క చోట మాత్రం మొండితనం పనికిరాదు. ‘టప్’మనలేదు కదా అని గాలి పెంచుకుంటూ పోకూడదు. టైరు మీద ఒక గరిష్ఠ పీడనం రాసి ఉంటుంది, రిమ్ముకూ ఒకటి ఉంటుంది. రెండింటిలో తక్కువదే హద్దు. కొండసైకిలు నడిచేది ఇరవై నుంచి ముప్ఫై పీఎస్ఐ మధ్యే. లారీ టైర్లకు కొట్టే కంప్రెసర్‌లో ఉండే గాలి దీనికి ఎన్నో రెట్లు! హద్దు దాటితే టైరు రిమ్ము నుంచి ఎగిరిపోవచ్చు. కర్ణభేరికి, కళ్లకు ప్రమాదం. కూర్చోకపోతే గాలి పూర్తిగా తీసేసి, సబ్బునీళ్లు మళ్లీ రాసి మొదలుపెట్టడమే మార్గం. టైరులో పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీసి ‘ఢాం’మని కూర్చోబెట్టే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. వాటి జోలికి అస్సలు పోవద్దు. గాలి కొట్టేటప్పుడు పిల్లలు వింతగా ముఖం దగ్గర పెట్టి చూస్తుంటారు. స్కూటరుకైనా కారుకైనా సరే, వాళ్లను నాలుగడుగులు వెనక్కి పంపండి.

మన వాతావరణంతో ఇంకో చిక్కుంది. సీలెంటు ఆరిపోతుంది. చల్లటి దేశాల్లో ఆరునెలలు వచ్చేది రాయలసీమ ఎండలకు అంతకాలం ఆగదు. రెండు మూడు నెలలకోసారి చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల తళతళ కదిలితే ఉన్నట్టు. నిశ్శబ్దమైతే, మీరు పంక్చరుకు సిద్ధంగా తిరుగుతున్నట్టే.

ఇంట్లో ఫ్యాను కింద ఎక్కించిన టైరు బాకరాపేట ఘాట్ దగ్గరో, కల్యాణి డ్యామ్ దారిలోనో కోసుకుపోయిందనుకోండి. సీలెంటు ఆపలేనంత చీలిక. అప్పుడు ట్యూబు వేసుకుని ఇంటికి రావాలి, అంటే ఆ బిగుతు టైరును అక్కడే విప్పాలి. చుట్టుపక్కల షాపుండదు, ఫోనుకు సిగ్నలుండకపోవచ్చు. అందుకే కొత్త టైరు వేసుకున్న రోజే, సీలెంటు పోయకముందే, ఒకసారి ఊడదీసి మళ్లీ ఎక్కించి చూడండి. మీతో తీసుకెళ్లే చిన్న లివర్లతోనే! రెండు అంచుల్నీ చుట్టూ గాడిలోకి నెట్టి, వాల్వు దగ్గర లివర్ పెడితే ఊడాలి. ఊడలేదా, ఆ టైరు మీ రిమ్ముకు సరిజోడు కాదు. రోడ్డు మీద తిప్పుకోండి, అంతేగానీ పిల్లాడికిచ్చి దూరాలు పంపకండి.

దారిలో ట్యూబు వేయాల్సి వస్తే మరో చిన్న పని. ముందు టైరు లోపల వేళ్లతో నెమ్మదిగా తడమండి. ఇన్నాళ్లూ సీలెంటు చప్పుడు కాకుండా పూడ్చేసిన ముళ్లన్నీ అక్కడే ఉంటాయి. పల్లేరు, తుమ్మ, సర్కారు తుమ్మ... ఒక్కోటీ పీకేసి అప్పుడు ట్యూబు పెట్టండి.